ఆ ఇంటికి పడని సూది

గడ్డపార దెబ్బ తలమీద పడాల్సింది. వీరేశం కుడిచెయ్యి అడ్డం పెట్టాడు కాబట్టి చేతిమీద పడింది. ముంజేతిలో రెండెముకలూ విరిగి, ఒకటి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. కొట్టినవాడు పరాయివాడైతే ఈ సంగతి పోలీసు స్టేషన్లో మొదలై అక్కడే తేలిపోయేది. కొట్టింది సొంత తమ్ముడు సాయిలు.

మాదాపూర్ గుట్టల్లో అప్పుడు పొద్దున లేస్తే బండలు పేల్చడమే పని. అద్దాల మేడ ఒకటి లేస్తోందనీ, దాంట్లో కంప్యూటర్ల కొలువులు వేలకు వేలు వస్తాయనీ చెప్పుకునేవాళ్లు. ఆ కొలువుల మాట దేవుడెరుగు, నిన్నటిదాకా గొర్రెలు మేసిన చెలకల్లోకి మాత్రం కార్లు దిగబడ్డాయి. అన్నదమ్ములిద్దరూ చెలక పంచుకున్నప్పుడు గుట్టకిందిది సాయిలు వాటాకొచ్చింది. ఆ వాటా మూలన, సీతాఫలం చెట్ల నడుమ, వాళ్ల నాయిన పెంటయ్య సమాధి ఉంది. అమ్ముకుంటే అమ్ముకో గానీ ఆ మూల వదిలెయ్యమని వీరేశం చెప్పాడు. సాయిలు సరేనని తలూపాడు. తలూపి, మూలతో సహా రామ్మోహనరావు అనే బిల్డరుకు సంతకం పెట్టేశాడు.

బుల్డోజర్ వచ్చిననాడు వీరేశం కేపీహెచ్‌బీ కాలనీలో పాలు పోసి వస్తున్నాడు. పాలక్యాన్లు దారిలోనే పడేసి పరుగెత్తాడు. వీరేశం కూడా తక్కువవాడేం కాదు, ఉన్నమాట చెప్పుకోవాలి. డ్రైవరును కాలరు పట్టి కిందికి లాగాడు. చెప్పు తీసి మొహం వాచేదాకా కొట్టాడు. తర్వాత తమ్ముడి మీదికి తిరిగి, ఊరంతా చూస్తుండగా రెండు చెంపలూ వాయించి, మొహాన ఉమ్మేశాడు.

"నాయినను అమ్ముకున్నవు గదరా" అన్నాడు.

ఊరి ముందర ఉమ్ము తుడుచుకోవడం ఏ మగవాడికీ చేతకాదు. సాయిలుకు చేతికందింది గడ్డపార.

కూకట్‌పల్లిలో మెయిన్ రోడ్డు వెనక ఉన్న నర్సింగ్ హోముకు చేర్చేసరికి వీరేశానికి తెలివి లేదు. ఆ తర్వాత గుమ్మం దగ్గర ఏం జరిగిందో, ఎవరు ఏం అరిచారో అతనికి తెలియదు. మత్తు గాలి పీల్పించి ఆపరేషన్ చేసి, ఎముకలకు ఇనప పట్టీలు వేసి, మరలు బిగించి కుట్లు వేశారు. తెలివొచ్చాక మొదట తెలిసింది నొప్పి. చెయ్యి లోపల బండకు కంప్రెషర్ పెట్టి బెజ్జాలు వేస్తున్నట్టుంది. వీరేశం పళ్లు బిగబట్టాడు, మంచం కోడు పట్టుకున్నాడు, ఆఖరికి వార్డు దద్దరిల్లేటట్టు బొబ్బపెట్టాడు.

కాంపౌండర్ శివశంకర్ మంచివాడే. ఆ ఇంటికి సూది పడదని గుమ్మంలోనే చెప్పారు కాబట్టి నొప్పి సూది జోలికి పోలేదు. చెప్పింది తానేనని నీలమ్మ తర్వాత మొగుడితో అంది. సూది వద్దన్నారు కదా అని నీళ్లతో గోలీ మింగించాడు. నీలమ్మ కూడా, గోలీయే కదా, సూది కాదు కదా అని మొగుడి తల ఎత్తిపట్టి గ్లాసు అందించింది.

ఆ ఇంట్లో అందరిదీ అదే లెక్క. పెంటయ్య నడుము పట్టేసి పడుకుంటే సైకిలు మీద తిరిగే డాక్టరు ఒక సూది వేశాడు. ఆ డాక్టరు సైకిలు స్టాండు తియ్యకముందే పెంటయ్య పెదవులు బూరెల్లా పొంగాయి, గొంతు మూసుకుపోయింది, వాకిట్లోనే కాళ్లు కొట్టుకుని పోయాడు. ఆనాటి నుంచి తమకు సూది పడదని ఆ ఇంటివాళ్లు ఊరంతా చెప్పుకున్నారు. పశువుకు సూది వేస్తున్నా దూరం జరిగేవాళ్లు. లోపలి మందు మాట ఎవరికీ తట్టలేదు. సూదే యముడనుకున్నారు.

గోలీ కడుపులోకి దిగిందో లేదో వీరేశం కళ్లు పూడుకుపోయాయి. నాలుక నోట్లో పట్టకుండా ఉబ్బింది. ఊపిరి లోపలికి పోయే దారిలేక ఈల మోత మోగింది. వీరేశం మంచం మీద ఎగిరెగిరి పడ్డాడు. నీలమ్మ రొమ్ము బాదుకుంది. మత్తు డాక్టరు కిరణ్మయి పరుగున వచ్చి శివశంకర్‌ను ఒక్క తోపు తోసి, వీరేశం తొడలోకి సూది పొడిచింది. ఆ సూదే అతని గొంతు తెరిచింది.

మర్నాడు కిరణ్మయి మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ఆమెది కృష్ణా జిల్లా, మాట మెత్తన, చూపు మాత్రం మెత్తన కాదు.

"తప్పు సూదిది కాదండి వీరేశం గారూ, సూదిలో పోసిన మందుది. అదే మందు గోలీలో ఉన్నా మీకు విషమే. జనం నొప్పులకు మింగేవన్నీ ఇంచుమించు ఆ జాతివే. మీ మంచానికి ఎర్రగుడ్డ కట్టిస్తున్నాను. నేను చెప్పంది ఎవరిచ్చినా నోట్లో వేసుకోకండి." తర్వాత అడిగింది. "కొన్ని ఇళ్లల్లో ఇది ఒకరితో ఆగదు. మీ నాన్నగారికి అయిందన్నారు. అన్నదమ్ములున్నారా?"

"లేరు" అన్నాడు వీరేశం. "నాకు తమ్ముడు లేడు."

నీలమ్మ తలొంచుకుని మంచం కోడుకు ఎర్రగుడ్డ కట్టింది.

కిరణ్మయి చెయ్యగలిగిందంతా చేసింది. చేతిని దిండ్ల మీద ఎత్తిపెట్టించింది. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి కుట్లకు దూరంగా ఆనించమంది. జ్వరం గోలీ తన కళ్లముందే కొంచెం కొంచెంగా ఇచ్చి, పెదవులు చూసి, ఊపిరి విని, ఇది పడుతుందని తేల్చింది. దానికి తగ్గే నొప్పి కాదది. పెద్ద ఆపరేషన్లకు వాడే గట్టి మందు ఒకటి ఎక్కడెక్కడో తిరిగి తెప్పించి ఒక్కసారి ఇచ్చింది. నొప్పి దిగింది, నిజమే. కానీ ఆ మత్తులో వీరేశానికి సాయిలు కనపడ్డాడు. గడ్డపార పట్టుకున్న సాయిలు కాదు, చిన్నప్పటి సాయిలు. పన్ను నొప్పికి కిరాణాకొట్టు గోలీ మింగి, మొహం గుమ్మడికాయంత వాచి, అన్న వీపు మీద ఎక్కి దవాఖానకు పోతున్న సాయిలు. తమ్ముడి ఏడుపు మెడ మీద వెచ్చగా తగులుతూనే ఉంది. ఊరందరూ అది పిప్పిపన్ను విషం అన్నారప్పుడు.

మెలకువ వచ్చాక వీరేశం తనమీద తానే మండిపడ్డాడు. ఛీ, నొప్పి కాస్త పోతే పౌరుషం కూడా పోతుందా! ఇంక ఆ మందు వద్దన్నాడు. కక్కొస్తోందని సాకు చెప్పాడు.

అప్పుడు కిరణ్మయి ఇంకో దారి చెప్పింది. చంక దగ్గర ఒక సూది వేస్తే చెయ్యి మొత్తం మొద్దుబారుతుందట. తెలివి తెలివిగానే ఉంటుందట. ఆ మందుకూ అతనికి పడని మందుకూ చుట్టరికం లేదట. ఇక్కడ దొరకదు కాబట్టి తానే సికింద్రాబాద్ నుంచి తెప్పించి పెట్టింది. వీరేశం దానికీ తల అడ్డంగా ఊపాడు. మా ఇంటికి సూది పడదు మేడం అని పాత పాటే పాడాడు. ఆమెకు ఒళ్లు మండింది. ఇంత వివరంగా చెప్పినా బండకు చెప్పినట్టేనా అని విసుక్కుని, ఎప్పుడడిగితే అప్పుడు వేస్తానని వెళ్లిపోయింది.

అసలు సంగతి ఆమెకేం తెలుసు. వీరేశం తన మందు తాను తయారుచేసుకుంటున్నాడు. పోటు లేచినప్పుడల్లా కళ్లు మూసుకుని తమ్ముణ్ణి చంపేవాడు. ఒకసారి గొడ్డలితో మెడ మీద నరికేవాడు. ఇంకోసారి ట్రాక్టరుకు కట్టి గుట్ట చుట్టూ ఈడ్చేవాడు. ఇంకోసారి పేలుడుకు మందు కూరిన బండమీద కట్టేసి, వత్తి తానే అంటించి, ముక్కలు ఎగరడం నిలబడి చూసేవాడు. సాయిలు కాళ్లు పట్టుకుని బతిమాలితే ఆ నోట్లోకి మట్టి కుక్కేవాడు, సమాధి మట్టి. అలా చంపుతున్నంతసేపూ చేతిలో కంప్రెషర్ కొంచెం దూరంగా పోయినట్టుండేది. అబద్ధం కాదు, కోపం నిజంగానే నొప్పిని తొక్కిపెట్టింది. నొప్పి పోతే కోపం పోతుందని భయపడి వీరేశం నొప్పిని దాచుకున్నాడు.

చూడొచ్చిన చుట్టాలు బత్తాయిలు తెచ్చారు. వాటిని కోసే చాకు ఒకటి నీలమ్మ తట్టలో ఉండేది. చిన్నదే, కానీ పదును. అది కనపడకపోతే ఆమె అంతా వెతికింది. తొక్కలతో పాటు పారేసి ఉంటావని వీరేశం కసిరాడు. చాకు అతని పరుపు కింద, ఎడమచేతి వైపు ఉంది.

కులపెద్ద బాలనర్సయ్య అప్పటికే రెండుసార్లు వచ్చి పోయాడు. పోలీసుల మాట ఎత్తవద్దనీ, బండమీంచి పడ్డాడని దవాఖానలో రాయించింది తానేననీ, అన్నదమ్ముల లొల్లి కులంలోనే తెంపుకోవాలనీ చెప్పాడు. రాజీ అంటే వాళ్లలో ఒకే పద్ధతి. ఒకే గ్లాసులో కల్లు పోస్తారు. తప్పుచేసినవాడు ముందు తాగి, మిగిలింది తన చేత్తో రెండోవాడి నోటికి అందించాలి. తాగితే పగ తెగినట్టు. సాయిలును తీసుకురమ్మని వీరేశం వెంటనే ఒప్పుకున్నాడు. బాలనర్సయ్య మురిసిపోయాడు. నీలమ్మ మాత్రం మొగుడి మొహంలోకి చాలాసేపు చూసింది.

"కల్లు తాగొద్దని డాక్టరమ్మ చెప్పింది గదయ్యా" అంది.

"నేను తాగుతనని ఎవరు జెప్పిన్రు?" అన్నాడు వీరేశం.

ఆమెకు ఆ మాట గుచ్చుకుంది గానీ అర్థం అందలేదు.

మధ్యాహ్నం వార్డు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చారు. బాలనర్సయ్య తువ్వాలలో చుట్టిన సీసా తీసి స్టీలు గ్లాసులో పోశాడు. సాయిలు గుమ్మం దగ్గరే ఆగాడు. గడ్డం పెరిగింది, చొక్కా నలిగింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కట్టు కట్టిన చెయ్యి చూసి చూపు తిప్పుకున్నాడు. బాలనర్సయ్య వెన్ను తడితే ముందుకొచ్చి గ్లాసు తీసుకున్నాడు. ఒక గుక్క తాగాడు. తర్వాత వంగి, ఒక చెయ్యి అన్న మెడకింద పెట్టి తల ఎత్తి, రెండో చేత్తో గ్లాసు పెదవుల దగ్గరికి తెచ్చాడు. వీరేశం ఎడమచెయ్యి పరుపు కిందికి పోయింది.

అక్కడైనా ఊరుకుంటే ఏమయ్యేదో. చెప్పకుండా పగ తెంపుకుంటే మోసమవుతుందనుకున్నాడో ఏమో, సాయిలు నోరు విప్పాడు.

"నాయిన బొంద చదును జేసిన్రు అన్నా. నేను ఆపలేకపోయిన."

వీరేశం పొడిచాడు. ఎడమచెయ్యి, అందులోనూ పడుకుని ఉన్నవాడు, కడుపుకు గురిపెట్టింది తొడలో దిగింది. బయటికి లాగి మళ్లీ పొడిచాడు. రెండోసారి చాకు పిడిదాకా దిగి అక్కడే ఇరుక్కుంది. సాయిలు వెర్రికేక వేశాడు. గ్లాసు ఎగిరిపోయింది. అతను బరువంతా వేసి అన్న మీద, కుట్లు వేసిన చేతిమీద కూలబడ్డాడు. వీరేశానికి కళ్లముందు లోకం తెల్లగా అయిపోయింది. అయినా వదల్లేదు. తమ్ముడి జుట్టు పట్టుకుని మొహాన్ని మంచం ఇనుముకేసి కొట్టాడు. పన్ను విరిగిన చప్పుడైంది. ఆశ్చర్యం ఏమిటంటే సాయిలు తిరిగి చెయ్యెత్తలేదు. అన్న చెయ్యి నలుగుతోందని తెలిసి, పక్కకు దొర్లి నేలమీద పడ్డాడు.

నెత్తురు పంపు తిప్పినట్టు కారింది. బాలనర్సయ్య తువ్వాల నోట్లో కుక్కుకుని గోడకు అతుక్కుపోయాడు. శివశంకర్ వచ్చి, చూసి, దేవుడా అని మాత్రం అన్నాడు. తర్వాత చకచకా కదిలాడు. సాయిలును పక్క మంచం మీదికి ఎక్కించి, ప్యాంటు చింపి, దూది కుక్కి, రెండు చేతులతో అదిమిపట్టి డాక్టరమ్మను కేకేశాడు. ఆమె పై అంతస్తులో ఉంది. సాయిలు తలకాయ అటూ ఇటూ కొట్టుకుంటూ పశువులా అరుస్తున్నాడు. అదిమే పని నీలమ్మకు అప్పగించి, ఆ గాబరాలో ఆ ఇంటి సంగతే మరిచి శివశంకర్ అలమారు తెరిచాడు.

గాజు సీసా మెడ విరిచిన చిన్న చప్పుడు వీరేశం చెవిన పడింది.

ఆ చప్పుడు అతనికి తెలుసు. వార్డులో నొప్పితో అరిచిన ప్రతివాడికీ శివశంకర్ ఇచ్చేది ఆ సూదే. ఎర్రగుడ్డ వీరేశం మంచానికే ఉంది. పక్క మంచానికి ఏ గుడ్డా లేదు. పిప్పిపన్ను విషం అని అందరూ అనుకున్నది గోలీ విషమని ఈ భూమ్మీద ఇప్పుడు తెలిసినవాడు వీరేశం ఒక్కడే. బాలనర్సయ్యకు తెలియదు. నీలమ్మ అప్పటికి కాపురానికే రాలేదు, ఇప్పుడేమో గాయం మీదినుంచి తల ఎత్తడం లేదు. డాక్టరమ్మ అడిగితే తమ్ముడు లేడని తానే చెప్పాడు.

ఇంక గొడ్డలి అక్కర్లేదు, ట్రాక్టరు అక్కర్లేదు. ఊరికే పడుకుంటే చాలు. తెలిసీ ఊరుకున్నాడని ఎవడూ అనడు, కత్తిపోటుకు పోయాడంటారు, లేదా మందు పడక పోయాడంటారు. ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని చంపినవాణ్ణి ఇప్పుడు కళ్లు తెరిచి చంపొచ్చు. వీరేశం నోరు మూసుకున్నాడు. పళ్లు గట్టిగా బిగించాడు. పక్క మంచం మీద చొక్కా పైకి జరిపి, దూదితో తుడుస్తున్నాడు శివశంకర్. దూది తగలగానే సాయిలు ఉలిక్కిపడి ఏడిచాడు. పన్ను విరిగిన నోటితో ఏడిస్తే అది పెద్దవాడి ఏడుపులా లేదు. వీరేశం మెడమీద ఎప్పటిదో వెచ్చని తడి తగిలింది.

"ఇయ్యకు!"

శివశంకర్ చెయ్యి గాలిలోనే ఆగింది. వీరేశం లేవబోయి, కట్టుచెయ్యి ఊతం పెట్టి, ఆ నొప్పికి గుండె ఆగినంత పనై, అయినా అరిచాడు.

"ఆ సూది వానికియ్యకురా! చచ్చిపోతడు! వాడు నా తమ్ముడు. నాకు తమ్ముడున్నడు!"

మెట్లు దిగి పరుగెత్తుకొచ్చిన కిరణ్మయి ఆ మాట విన్నది. శివశంకర్ చేతిలోంచి సూది లాక్కుని తొట్టిలో విసిరేసింది. వీరేశం వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపులో తిట్టు ఉంది, ఇంకేదో కూడా ఉంది. సాయిలు తొడ మీదికి వంగింది.

నీలమ్మ చేతులు మోచేతుల దాకా నెత్తురు. అదిమిపట్టిన చోటు వదలకుండానే మొగుడి వైపు తిరిగింది. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఆ దినం సూది ఇయ్యొద్దని జెప్పింది నేనని నీతోని అబద్ధమాడిన. నేను జెప్పలే. నాకు సోయి యాడిది? వాడే నీ ఎనక బండి మీద ఉరికొచ్చిండు. గా గుమ్మంల నిలవడి, గిట్లనే మొత్తుకున్నడు. మా అన్నకు సూది పడది, ఇస్తే సంపుతనని కాంపౌండర్ గల్లా వట్టిండు. పేరు జెప్పితె నువ్వు కట్లు పీక్కొని ఉరుకుతవని దాసిన."

శివశంకర్ నిజమేనన్నట్టు మెడ తడుముకున్నాడు.

వీరేశం వెనక్కి వాలిపోయాడు. ఇన్నాళ్లు పనిచేసిన మందు ఒక్కసారిగా దిగిపోయింది. కళ్లు మూసుకుని మళ్లీ గొడ్డలి ఎత్తబోయాడు, ఎత్తలేకపోయాడు. గొడ్డలి కింద మెడ లేదు. అప్పుడొచ్చింది అసలు నొప్పి. దాచిపెట్టుకున్నదంతా, తొక్కిపెట్టినదంతా కుట్లలోంచి, మరల్లోంచి, భుజందాకా మండుకుంటూ వచ్చింది. పక్క మంచం మీద సాయిలు అరుస్తున్నాడు, ఈ మంచం మీద వీరేశం అరుస్తున్నాడు. ఎవరి కేక ఎవరిదో బాలనర్సయ్యకు తెలియలేదు.

నెత్తురు కట్టుబడ్డాక కిరణ్మయి చేతులు కడుక్కుని వచ్చింది. ఆమె చేతిలో సికింద్రాబాద్ నుంచి తెప్పించిన మందు ఉంది. బాలనర్సయ్యను బయటికి పంపింది. ఈసారి పోలీసులకు చెప్పక తప్పదని ముందే చెప్పేసింది. వీరేశం చెప్పండన్నాడు.

"ఇది కాలికైనా చేతికైనా పనిచేస్తుందండి. మీ నాన్నగారి ప్రాణం తీసిన జాతి కాదు. కానీ ఇక్కడున్నది ఒక్కరికే సరిపోతుంది. రెండోది తెప్పించేసరికి సాయంత్రమవుతుంది." ఆమె ఎర్రగుడ్డ కట్టిన మంచం వైపే అడుగేసింది. "మీరు ఇన్నాళ్లు వద్దన్నారు. ఇప్పుడైనా వేయించుకుంటారా?"

వీరేశం చెమటలో తడిసి ముద్దయిపోయాడు.

"ముందు వానికెయ్యుండ్రి మేడం" అన్నాడు. "వానికి సూదంటె భయం. జర చెయ్యి వట్టుకోమనుండ్రి ఎవరినన్న."

ఎవరి కోసమూ అతను ఆగలేదు. రెండు మంచాల మధ్య జానెడు సందు. వీరేశం ఎడమచెయ్యి ఆ సందులోంచి చాపాడు. అదే చెయ్యి, వేళ్ల సందుల్లో నెత్తురు ఇంకా ఆరలేదు. సాయిలు దాన్ని చూసి ముందు వణికాడు. తర్వాత పట్టుకున్నాడు. నీలమ్మ తన కొంగు అంచు చింపి, నెత్తురుతో ఎర్రబడ్డ ఆ పీలికనే రెండో మంచం కోడుకు కట్టింది.